వెనక సీటులో చోటు

అమ్మాయి వాళ్ళుండే వీధిలో పొద్దున్నే నడుస్తుంటే ఒక దృశ్యం నన్ను వదలడం లేదు. ఇంటింటి ముందూ కార్లు ఆగి ఉంటాయి. లోపల మనుషులుండరు, కానీ వెనక సీట్లలో చిన్న చిన్న కుర్చీలు మాత్రం ఉంటాయి. కొన్ని ముందుకు తిరిగి, కొన్ని వెనక అద్దం వైపు తిరిగి. పట్టీలు వదులుగా వేలాడుతుంటాయి. గుడ్డ మీద ఎండిన పాల మరకలు, అంచుల్లో చేప ఆకారం బిస్కెట్ల పొడి, ఒక్కోచోట జంతిక ముక్క. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ప్లేనో ఊళ్ళో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏది తెలుగువాళ్ళ ఇల్లో గుమ్మం తోరణాన్ని బట్టి తెలుస్తుంది. ఆ ఇంట్లో పిల్లలెందరో, ఎవరెంత ఎదిగారో ఇప్పుడు కారు అద్దంలోంచి కూడా తెలుస్తోంది. బిడ్డ ఇంకా నిద్ర లేచి ఉండడు, లేదా ఈపాటికి డేకేర్‌లో దిగి ఉంటాడు. వాడి చోటు మాత్రం వాడి కోసం కాచుకుని ఉంటుంది. ఇంకొకరు అందులో కూర్చోరు, కూర్చోలేరు. నేను పెరిగిన ఇంట్లో ఏ పిల్లకీ సొంత మంచం లేదు, సొంత పీట లేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడుకున్నాం, ఎవరి పక్కన చోటుంటే వాళ్ళ పక్కన తిన్నాం. మరి ఏడాది నిండని పసివాడికి కదిలే బండిలో ఇంత గట్టిగా బిగించిన సొంత చోటు ఎందుకు కావలసివచ్చింది? దానివల్ల ఈ పిల్లలకు దక్కిందేమిటి, మా తరం పిల్లలకు దక్కనిదేమిటి? నడిచినంతసేపూ ఇదే ఆలోచన.

ఇంతగా పట్టి చూడడానికి కారణం ఇంట్లోనే ఉంది. అమ్మాయికి కవలలు పుట్టబోతున్నారు. మనవడికి ఐదేళ్ళు. వీళ్ళ కారు ఐదుగురు కూర్చునే సెడాన్, పెళ్ళయిన కొత్తలో కొనుక్కున్నది. కాగితం మీద ఐదు సీట్లు, ఐదుగురు మనుషులు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటితే తప్ప, తమ ఒంటికి తగ్గ సీటులోనే కూర్చోవాలి. ఆ ఎత్తు ఊరికే పెట్టిన అంకె కాదు. కారు బెల్టు పెద్దవాళ్ళ కొలతకు చేసింది. అది కింద తుంటి ఎముకల మీదా, పైన భుజం మీదా పడాలి. పొట్టి పిల్లలకు అదే బెల్టు కింద కడుపు మీదా, పైన మెడ మీదా పడుతుంది; బండి గుద్దుకున్నప్పుడు కాపాడవలసిన పట్టీయే కడుపులోని అవయవాలను దెబ్బతీస్తుంది. అందుకని ఐదేళ్ళవాణ్ణి కాస్త ఎత్తున కూర్చోబెట్టే బూస్టర్ కావాలి. పుట్టబోయే ఇద్దరికీ వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీట్లు కావాలి. మొత్తం మూడు. రాత్రి భోజనాలయ్యాక ఈ ఇంట్లో ఇప్పుడు ఒకటే మాట. ఏ కారు?

అల్లుడుగారు బట్టలు కొలిచే టేపు పట్టుకుని గరాజ్‌లోకి వెళితే నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. వెనక సీటు ఆ చివర నుంచి ఈ చివరకు సుమారు 54 అంగుళాలు వచ్చింది. సన్నపాటి కార్ సీటు 17 అంగుళాలు ఉంటుంది, కాస్త వెడల్పుది 19. మూడు పదిహేడులు 51. "పడతాయి అత్తయ్యగారూ" అన్నారాయన. తీరా పెట్టి చూస్తే పడలేదు. తలుపు లోపలికి ఉబ్బి ఉంటుంది, సీటు అంచులు గుంటగా ఉంటాయి, బెల్టు దూర్చే బకిల్ సరిగ్గా కుర్చీ అడుగునే ఇరుక్కుంటుంది. టేపు చెప్పేది వెడల్పు ఒక్కటే, ఆ గుంటల సంగతి అది చెప్పదు. మనవడి బూస్టర్ ఏదోలా ఇరికించినా, వాడి చెయ్యి బకిల్ దాకా వెళ్ళదు. రోజూ బడి దగ్గర వెనక కార్లు హారన్ కొడుతుంటే ఎవరో ఒకరు ఒంగి పెట్టాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. కార్ సీటు తగిలించడానికి సీటు సందులో ఇనుప కొక్కేలుంటాయి. ఇక్కడ 2002 తర్వాత వచ్చిన ప్రతి కారులోనూ ఉంటాయి గానీ, చాలా కార్లలో వెనక సీటు రెండు చివరలకే ఇచ్చారు. మధ్య సీటుకు బెల్టే గతి. రెండు వైపులా సీట్లు పెట్టాక మధ్యలో ఆ బెల్టు లాగి బిగించడానికి చెయ్యి దూరదు.

ఇక్కడ ఒక కిటుకు తెలిసింది. వెనక్కి తిరిగిన సీటు వెడల్పంతా కారు ముందువైపుకు వస్తుంది. ముందుకు తిరిగిన సీటు వెడల్పంతా వెనకవైపు ఉంటుంది. ఆ రెండిటినీ పక్కపక్కన పెడితే, ఇరుకు మంచం మీద ఇద్దరు పిల్లలు ఒకరు తల అటు, ఒకరు తల ఇటు పెట్టి పడుకున్నట్టు, ఒకదాని సందులో ఒకటి ఒదిగిపోతాయి. అల్లుడుగారు అలా మార్చి మార్చి చూశారు. చివరికి వెడల్పు కుదిరింది, పొడవు కుదరలేదు. పసిపిల్లల సీటు వాలుగా ఉండాలి. నెలల బిడ్డ మెడ నిలవదు కాబట్టి సీటు నిటారుగా పెడితే తల ముందుకు వాలి ఊపిరి అడ్డుపడుతుంది. అంత వాల్చి పెడితే దాని అంచు వచ్చి ముందు సీటుకు ఆనుతుంది. ముందు సీటు జరపాలి. జరిపితే అల్లుడుగారి మోకాళ్ళు స్టీరింగ్ కిందకు వెళ్ళిపోయాయి. ఆయన ఆరడుగుల మనిషి. అలా కూర్చునే ఒకసారి చక్రం తిప్పి చూసుకుని, ఏమీ అనకుండా దిగిపోయారు. ఇక ఆ కారుతో కాదని అప్పుడే తేలింది.

ఆ రాత్రి నాకు మా చిన్నప్పటి ప్రయాణాలు గుర్తొచ్చాయి. గుంటూరు నుంచి తిరుపతికి అంబాసిడర్ టాక్సీ. ముందు కూడా పొడవాటి ఒకే సీటు, గేరు స్టీరింగ్ పక్కనే, అందుకని డ్రైవర్ పక్కన ఇద్దరు కాదు, ముగ్గురు. వెనక ముగ్గురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒకరు, కాళ్ళ దగ్గర ఇద్దరు. నేను మా పెద్దమ్మ ఒళ్ళో. ఆవిడ నూనె రాసుకున్న జడ వాసన, ఆవిడ కొంగు చివర ముడివేసిన చిల్లర నా మోకాలికి గుచ్చుకోవడం, ఒంగోలు దాటాక ఆవిడ నిద్రలోనే నా కడుపు మీద చెయ్యి బిగించడం ఇప్పటికీ ఒంటికి తెలుస్తూనే ఉన్నాయి. ఎవరైనా దారిలో చెయ్యెత్తితే ఇంకొకరికి చోటు దొరికేది. "సర్దుకోండమ్మా" అంటే అందరూ కదిలేవాళ్ళు. నిజంగానే చోటు పుట్టుకొచ్చేది. లేని చోటును అలా పుట్టించగలగడం మనవాళ్ళ మంచితనంలో పెద్ద భాగమని నేను ఈనాటికీ నమ్ముతాను. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఒకే గదిలో కాపురాలు వెళ్ళదీసిన ఇళ్ళలో ఆ గుణమే మనల్ని నిలబెట్టింది. ఆ ఒడి కన్నా భద్రమైన చోటు బిడ్డకు ఇంకెక్కడుంటుంది అని అప్పట్లో ఎవరినడిగినా అనేవాళ్ళు.

కానీ వేగానికి ప్రేమ తెలియదు. గంటకు 50 కిలోమీటర్లంటే మన హైవేల మీద ఎవరూ లెక్కలోకి తీసుకోని వేగం. ఆ వేగంతో వెళ్ళే కారు దేన్నో గుద్దుకుని ఆగిందనుకోండి, కారు ఆగుతుంది, లోపలివాళ్ళు ఆగరు. అదే వేగంతో ముందుకు పోతూ ఉంటారు, ఏదో ఒకటి ఆపేదాకా. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో ఆపి పట్టుకోవాలంటే రెండు వందల కిలోలకు పైగా బరువును మోసేంత బలం కావాలి, అదీ కన్ను మూసి తెరిచే లోపు. ఏ తల్లి చేతుల్లోనూ అంత బలం లేదు. అది తల్లి లోపం కాదు, మనిషి ఎముకకు ఉన్న హద్దు. పైగా ఒళ్ళో బిడ్డ ఉండి, వెనకున్న పెద్ద మనిషికి బెల్టు లేకపోతే, ఆ మనిషి బరువే బిడ్డ మీద పడుతుంది. నన్ను పొదివి పట్టుకున్న మా పెద్దమ్మ చెయ్యి నన్ను కాపాడలేకపోయేది. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. అంత నమ్మకమైన ఆ చెయ్యి గురించి ఇలా అనవలసి రావడం కష్టం. కానీ నిజం అదే.

ఈ నిజం తేలిగ్గా ఒప్పుకోలేకపోయింది మనమే కాదు, అమెరికా వాళ్ళూ అంతే. టెనెసీ రాష్ట్రంలో మర్‌ఫ్రీస్‌బరో అనే ఊళ్ళో రాబర్ట్ సాండర్స్ అని ఒక పిల్లల డాక్టరు ఉండేవారు. అమెరికాలో కార్ సీట్ల మొదటి చట్టం ఆయన పట్టుదల వల్లే వచ్చింది. 1977లో శాసనసభ ఒప్పుకుంది, 1978 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అయితే ఆ చట్టంలోకి సభ్యులు ఒక మినహాయింపు చొప్పించారు. పెద్దవాళ్ళు బిడ్డను చేతుల్లో పట్టుకుంటే చాలు, సీటు అక్కర్లేదని. వినడానికి ఎంత దయగా ఉందో చూడండి. తల్లి ఒడిని ఏ చట్టం కాదంటుంది? ఆ దయనే డాక్టర్ సాండర్స్ భరించలేకపోయారు. బిడ్డల్ని నలిపేసే సవరణ అన్నారు దాన్ని. పోరాడి పోరాడి 1981లో తీయించారు. 1985 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలొచ్చాయి. చట్టం ఒడితో తలపడిన ఆ నాలుగేళ్ళ గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఆ సభ్యులు క్రూరులు కారు. వాళ్ళ అమ్మలూ వాళ్ళను ఒళ్ళోనే పెట్టుకుని తిప్పి ఉంటారు. ప్రేమగా చేసే పని తప్పెలా అవుతుందన్నది వాళ్ళ మనసులో మాట. మనసుకు నచ్చజెప్పడం కన్నా చట్టం మార్చడమే సులువై ఉంటుంది.

పసివాళ్ళ సీటును వెనక్కి ఎందుకు తిప్పుతారన్నది నన్ను ఇంకా కలవరపెట్టిన సంగతి. బిడ్డకు అమ్మ ముఖం కనిపించదు, అమ్మకు బిడ్డ ముఖం కనిపించదు. వెనక నుంచి ఏడుపు వినిపిస్తుంటుంది, ముందున్న తల్లి గుండె పీకుతుంటుంది, సిగ్నల్ దాకా ఏమీ చేయలేదు. మనవడి నెలల్లో అమ్మాయి అనుభవించిందంతా ఫోన్‌లో విన్నాను. ఇంత కఠినం అవసరమా? జవాబు బిడ్డ ఒంటిలోనే ఉంది. పుట్టినప్పుడు బిడ్డ ఒంటి పొడవులో తలే నాలుగో వంతు. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా ఎముకలు కావు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డ ఒంటిని పట్టీలు పట్టి ఆపితే, ఆ బరువైన తల ముందుకు దూసుకుపోయి మెడ మీద భారమంతా పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తం కుర్చీలోకి ఒదుగుతాయి, దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు 1964లో ఇలాంటి మొదటి నమూనా సీటును పరీక్షించారు. రాకెట్ పైకి లేచేటప్పుడు వ్యోమగాములు వెల్లకిలా పడుకుని ఆ ఒత్తిడిని వీపంతటా పంచుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఒకప్పుడు రెండేళ్ళ దాకా వెనక్కి తిప్పి ఉంచమనేది. 2018 నుంచి, ఆ సీటు మోయగల బరువు, ఎత్తు దాటేదాకా అలాగే ఉంచమంటోంది. అంటే కొందరు పిల్లలు మూడు, నాలుగేళ్ళు వచ్చేదాకా కూడా. ఆ కాళ్ళు ముడుచుకుంటాయే, పాపం, అని నాకు అనిపిస్తుంది. ముడుచుకున్న కాళ్ళతో పిల్లలు హాయిగానే ఉంటారు, బాధంతా చూసేవాళ్ళది.

కవలలు తరచు నెలలు నిండకముందే పుడతారు. అలాంటి బిడ్డల్ని ఇంటికి పంపే ముందు ఆసుపత్రిలోనే వాళ్ళ కార్ సీటులో కూర్చోబెట్టి, కనీసం గంటన్నరసేపు గుండె, ఊపిరి, నెత్తుట్లో ప్రాణవాయువు చూస్తూ ఉంటారు. అది తేలాకే ప్రయాణం. కాబట్టి పిల్లలు పుట్టేలోపు సీట్లు రావాలి, సీట్లు పట్టే కారు రావాలి. మన వైపు ఏడో నెలలో గాజులు, సీమంతం, చలిమిడి. ఇక్కడ వాటికి తోడు ఇదొకటి. నేను చలిమిడి చేశాను, అల్లుడుగారు సీట్ల డబ్బాలు విప్పారు. రెండూ బిడ్డ కోసమే.

ఈమధ్య ఒక పరిశోధన గురించి చదివాను. జోర్డన్ నికర్సన్, డేవిడ్ సాలమన్ అనే ఇద్దరు ఆచార్యులు 2020లో రాసినది. వేర్వేరు రాష్ట్రాలు వేర్వేరు ఏళ్ళలో కార్ సీటు వయసును పెంచుకుంటూ వచ్చాయి కదా, ఆ తేడాలను పట్టుకుని వాళ్ళు చూసిందేమిటంటే, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఇంకా సీట్ల వయసులోనే ఉన్నప్పుడు మూడో కాన్పు కొంత తగ్గుతోంది. 2017 ఒక్క ఏడాదిలో ఈ చట్టాలు కాపాడిన ప్రాణాలు 57 అయితే, వీటివల్ల పుట్టకుండా పోయిన బిడ్డలు 8 వేల దాకా ఉంటారని వాళ్ళ అంచనా. చదివి పుస్తకం మూసేశాక కూడా ఆ అంకె నాతోనే ఉంది. 54 అంగుళాల సీటు ఒక బిడ్డ రాకను ఆపుతుందా? డేకేర్ ఖర్చు, ఇంటి అద్దె, నిద్రలేని రాత్రులు, దగ్గర లేని అమ్మమ్మలు, నాన్నమ్మలు, ఇవన్నీ ఉండగా? అయినా పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను. మూడో బిడ్డ అంటే మూడో బిడ్డ ఒక్కటే కాదు, కొత్త కారు కూడా అని ఈ గరాజ్‌లో నిలబడి చూశాను. మా అమ్మాయి విషయంలో మూడో బిడ్డ రెండో బిడ్డతో కలిసే వస్తోంది కాబట్టి ఆ బేరానికి తావే లేకపోయింది. ఎక్కడో ఎవరో భార్యాభర్తలు రాత్రిపూట ఈ లెక్క వేసుకుని మాట మార్చి ఉంటారు. అయితే ఇందులో తప్పు పిల్లల సీటుది అనడానికి నాకు మనసొప్పడం లేదు. ప్రతి బిడ్డకూ పూర్తి చోటు కావాలని చట్టం అంది, అంతే. ముగ్గురికని చెప్పి ఇద్దరున్నర మందికే వెనక సీటు చేసింది కార్లు తయారుచేసినవాళ్ళు.

షోరూముల్లో తిరిగినప్పుడు ఇది ఇంకా బాగా తెలిసింది. మూడు వరసల ఎస్‌యూవీ చూడగానే అమ్మాయి ముఖం వెలిగింది. ఎత్తుగా, ఠీవిగా ఉంది. ఏడుగురికి చోటన్నారు. రెండో వరసలో విడివిడిగా రెండు పెద్ద కుర్చీలు, మధ్య దారి. చూడ్డానికి ఎంత బాగుందో. కానీ ముగ్గురు పిల్లల్లో ఒకరు మూడో వరసకు వెళ్ళక తప్పదు, అక్కడ కొక్కేలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండో వరసలో ఒకే పొడుగు సీటున్న రకం తీసుకుంటే మరో చిక్కు. మూడో వరసలోకి వెళ్ళాలంటే రెండో వరస సీటు వంచాలి. దానికి పిల్లల సీటు బిగించి ఉంటే చాలా కార్లలో అది వంగదు. వెనకెవరైనా కూర్చోవాలంటే రోజూ సీటు విప్పి బిగించాలి. అది ఎవరివల్లా కాదు. చివరికి మినీవ్యాన్ దగ్గరకు వచ్చాం. 1983 చివర్లో క్రైస్లర్ వాళ్ళు తెచ్చిన బండి వరస ఇది. నేల కిందకు ఉంటుంది, తలుపు పక్కకు జరుగుతుంది, చంటిబిడ్డను చంకనెత్తుకుని ఇరుకు పార్కింగ్‌లో కూడా లోపలికి ఒంగవచ్చు. ఎనిమిది మంది కూర్చునే హోండా ఆడిసీలో రెండో వరస మూడు సీట్లకూ, మూడో వరసలో రెండిటికీ, మొత్తం ఐదు చోట్ల కొక్కేలున్నాయి. అమ్మాయి అయిష్టంగానే చూసింది. మినీవ్యాన్ అంటే ఇక్కడి ఆడవాళ్ళకు ఒక బెంగ ఉంది. అది కొనడమంటే ఇక తనకంటూ ఏమీ లేదు, పిల్లల తల్లి మాత్రమేనని ఒప్పుకోవడమని. ఆ బెంగను నేను చిన్నచూపు చూడను. పాతికేళ్ళు చదువుకుని, సంపాదించుకుని, తనకు నచ్చిన బండి తనే కొనుక్కోవాలనుకున్న పిల్ల అది. ఆ కోరిక విలువైనదే.

అప్పుడే ఇంకో ప్రశ్న వచ్చింది. అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? "నీ మోకాళ్ళతో మూడో వరసలోకి ఎలా వెళ్తావమ్మా, ముందు కూర్చో, నేను వెనక పిల్లల మధ్య కూర్చుంటాను" అంది అమ్మాయి, ఎనిమిదో నెల పొట్టతో. "లేదత్తయ్యగారూ, పెద్దవాణ్ణి వెనక వరసలో వేద్దాం, మీరు మధ్యలో కూర్చోండి" అన్నారు అల్లుడుగారు. పెద్దవాళ్ళను ముందు కూర్చోబెట్టడం మన ఇళ్ళలో నేర్పకుండానే వచ్చే మర్యాద. నేనూ మా అత్తగారికి అలాగే చేశాను. కానీ ఆ మాట వింటుంటే ఇన్నాళ్ళూ నా బుర్రలో తిరుగుతున్నది ఒక చోటికి వచ్చి ఆగింది. మనింట్లో ఎప్పుడు చోటు తక్కువైనా సర్దుకున్నది ఎవరు? చిన్నవాళ్ళు. కారులో, మంచం మీద, పంక్తిలో. చిన్న ఒళ్ళు ఎక్కడైనా ఇముడుతుంది కదా అని. ఇమడడం వేరు, తట్టుకోవడం వేరు. ఇమిడే ఒళ్ళే తట్టుకోలేని ఒళ్ళు. పెద్ద ఒంటికి ఇరుకు నొప్పి మాత్రమే, చిన్న ఒంటికి అది ప్రాణం. కాబట్టి సర్దుకోవడం అనే ఆ మంచి గుణాన్ని వదులుకోనక్కర్లేదు, ఎవరు సర్దుకోవాలన్నదే మార్చుకోవాలి. ముందు పిల్లల చోట్లు పూర్తిగా, అంగుళం తగ్గకుండా పెట్టాలి. మిగిలిన చోట్లో మనం సర్దుకోవాలి. నా మోకాళ్ళు సర్దుకుంటాయి. ఠీవి సర్దుకుంటుంది. డిక్కీలో సామాను సర్దుకుంటుంది. మూడో వరసలో నేనే కూర్చుంటానని అన్నాను. ఎక్కడానికి సాయం చేస్తే చాలు. ఆడిసీనే తీసుకున్నారు.

బండి వచ్చాక సీట్లు బిగించడం చూపించడానికి, ఇందులో శిక్షణ పొందిన ఒకావిడ దగ్గరకు వెళ్ళాం. ఆవిడ సీటులో మోకాలు అదిమి పెట్టి, బరువంతా వేసి బెల్టు లాగింది. తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపింది. అంగుళానికి మించి కదలకూడదు. పట్టీలు బిడ్డ భుజం దగ్గర వేళ్ళతో గిల్లి చూడమంది. గుడ్డ వేళ్ళ మధ్యకు వస్తే వదులున్నట్టు. ఛాతీ క్లిప్ చంకల ఎత్తున ఉండాలి. లావు కోటు వేసి పట్టీలు పెట్టకూడదు, గుద్దుకున్నప్పుడు కోటు అణిగిపోయి పట్టీలు వదులవుతాయి. ఒక్కసారి గట్టిగా గుద్దుకున్న కారులోని సీటును మళ్ళీ వాడొద్దంది. సీటు అడుగున దాని గడువు ముద్రించి ఉంటుందని తిరగేసి చూపించింది. ఆవిడ చేతుల్లో తొందర లేదు. ఆ బెల్టు లాగడంలో నాకు మా పెద్దమ్మ చెయ్యి బిగించడం కనిపించింది. ప్రేమ అదే. ఇప్పుడు దానికి సరిపడా బలం దొరికింది.

ఇంటికి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో మా తమ్ముడి కొడుకు కొత్త కారు గురించి చెప్పాడు. సన్‌రూఫ్ ఉందట. పిల్లలు దాంట్లోంచి పైకి నిలబడి చేతులూపుతుంటే వీడియో తీసి పంపాడు. మన దగ్గరా చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ, తగిన సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కార్ల భద్రతను చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 నుంచి పెద్దవాళ్ళకు విడిగా, పిల్లలకు విడిగా స్టార్లు ఇస్తున్నాయి. ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లల కొలతతో చేసిన బొమ్మలను వెనక సీట్లలో పెట్టి గుద్దిస్తారు. షోరూముకు వెళ్ళినవాళ్ళు ఆ రెండో స్టార్ల వరస ఎంతని అడగాలి. వెనక పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎన్ని చోట్ల ఉన్నాయి, మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టుందా, సీటు పెట్టాక మూడో వరసకు దారి ఉందా అని అడగాలి. వీలైతే ఇంట్లో ఉన్న పిల్లల సీట్లు తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూడాలి. ఈ మాటలన్నీ వాడితో చెప్పాను. సన్‌రూఫ్ కన్నా ముందు ఇవి అడగరా అన్నాను. విన్నాడు. వాడికిద్దరు పిల్లలు, సీట్లు చూస్తానన్నాడు.

అక్కడితో నా మనసు ఊరుకోవడం లేదు. ఆడిసీ కొనగలిగిన ఇంట్లో కూర్చుని ప్రతి బిడ్డకూ ఒక చోటు అనడం తేలిక. గుంటూరులో మా వీధి మలుపులో పొద్దున ఎనిమిదింటికి ఆగే స్కూలు ఆటో నాకు తెలుసు. డ్రైవర్ వెనక అడ్డంగా వేసిన చెక్క మీద ఒక వరస, సీటు మీద ఇంకో వరస, వాళ్ళ ఒళ్ళో చిన్నవాళ్ళు, బయట కొక్కేలకు వేలాడే బ్యాగులు. స్కూటర్ మీద వెళ్ళే పిల్లల కోసం 2022లో నియమాలు చేశారు, నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి నడిపేవాళ్ళకు కట్టే పట్టీ, తలకు హెల్మెట్, 40 కిలోమీటర్లు దాటని వేగం. ఆ పట్టీ కట్టిన బిడ్డ మా వీధిలో ఇంకా కనిపించలేదు. ఆ తల్లిదండ్రులకు పిల్లలంటే ప్రేమ తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళకున్న దారి అదొక్కటే. అందుకే ఇది కారు కొనేవాళ్ళ సొంత విషయంగా మిగిలిపోకూడదు. ఒక ఆటోలో ఎంతమంది పిల్లలను ఎక్కిస్తున్నారని బడిని అడగవలసింది తల్లిదండ్రులందరూ, ఆ బడికి బస్సు పెట్టించవలసింది ఊరంతా. ఆటో అతనికి తక్కువమంది పిల్లలతో గిట్టుబాటు కాకపోతే ఆ తేడా పెద్దవాళ్ళం భరించాలి, ఎందుకంటే ఇప్పటిదాకా ఆ తేడాను భరిస్తున్నది ఆ చెక్క మీది పిల్లలు. గుంటూరు వెళ్ళగానే నేను మాట్లాడబోయేది ఆ మలుపులో ఆటో ఎక్కించే తల్లులతో. నా మనవళ్ళకు దొరికిన చోటు వాళ్ళ పిల్లలకూ రావాలి.